ముందు ప్రశ్నపత్రం చూడమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

టర్కీ విద్యార్థులూ ఇంగ్లిష్ విద్యార్థులూ వ్యాసాన్ని ఎలా అమరుస్తారో పోలుస్తూ నువ్వు పంపిన రచన రెండుసార్లు చదివాను. ఎత్తుగడ బాగుంది, వాక్యం నడుస్తోంది. "టర్కీవాళ్లది చుట్టుతిరుగుడు ఆలోచన, ఇంగ్లిష్‌వాళ్లది సూటి ఆలోచన" అన్నచోట మాత్రం నాకు కోపం వచ్చింది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. అమెరికాలో రాబర్ట్ కప్లాన్ అనే పండితుడు విదేశీ విద్యార్థులు ఇంగ్లిష్‌లో రాసిన సుమారు 600 వ్యాసాలు పరిశీలించి, 1966లో ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో ఇంగ్లిష్‌కు తిన్నని గీత, ఆసియా భాషలకు సుడి, ఇలా ఐదు బొమ్మలు గీశాడు. టర్కీ భాషకు విడిగా బొమ్మే లేదు. పైగా అవి పిల్లలు పరాయి భాషలో తంటాలుపడుతూ రాసినవి. రెండు దశాబ్దాల తర్వాత కప్లాన్ తన వాదాన్ని తనే చాలావరకు సడలించుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, బొమ్మలు మాత్రం అందరికీ గుర్తున్నాయి.

టర్కీ బడిలో వ్యాసరచన ఎలా నేర్పుతారో చూశావా? అక్కడా మూడు భాగాలే: గిరిష్, గెలిష్మె, సొనుచ్. అంటే ప్రవేశం, విస్తరణ, ముగింపు. ఇంగ్లిష్ వ్యాసానికీ అస్థిపంజరం అదే. తేడా ప్రశ్నలో ఉంది. టర్కీ మాస్టారు తరచుగా ఒక సామెత ఇచ్చి వివరించమంటాడు. "చెట్టు పచ్చిగా ఉన్నప్పుడే వంగుతుంది" అన్నది వాళ్ల సామెత (మనకు మొక్కై వంగనిది ఉండనే ఉంది). అలాంటిదాని మీద విద్యార్థి వాదించడానికి ఏముంటుంది? అర్థం చెబుతాడు, ఉదాహరణలు పేరుస్తాడు, చివర్లో "కాబట్టి మనమందరం పిల్లలను చిన్నప్పుడే దిద్దాలి" అని తేలుస్తాడు. ఇంగ్లిష్ బడిలో "స్కూలు యూనిఫాం ఉండాలా, వద్దా?" అని అడిగారనుకో. తన పక్షమేమిటో మొదటి పేరాలోనే చెప్పాలని, ప్రతి పేరాకూ ఒక ప్రధాన వాక్యం ఉండాలని అక్కడి పిల్లలకు ముందే నూరిపోసి ఉంటారు. సామెత వ్యాసాన్ని యూనిఫాం వ్యాసం పక్కన పెట్టి జాతుల స్వభావం తేల్చడమేమిటి తల్లీ!

మూడో పేజీలో ఇంకో తొందరపాటు ఉంది. టర్కీ వాక్యంలో క్రియ చివర వస్తుంది కనుక అసలు విషయమూ వ్యాసం చివరే వస్తుందన్నావు. మన భాషలోనూ క్రియ చివరే కదా. అయినా రేపటి పేపరు తెరిచి చూడు: ఎన్నికల్లో ఎవరు గెలిచారో మొదటి వాక్యంలోనే ఉంటుంది. వాక్యానికి వ్యాకరణం పెట్టే నియమం పేరాల వరుసకు వర్తించదు.

అంకారా, ఇస్తాంబుల్‌లలో ఇంగ్లిష్ మాధ్యమంలో నడిచే పెద్ద విశ్వవిద్యాలయాలున్నాయి. ఇంగ్లిష్ తగినంత రాని విద్యార్థులకు అక్కడ ముందుగా ఒక సన్నాహక సంవత్సరం పెడతారు. ఇంగ్లిష్ వ్యాసం కట్టుబడి చాలామందికి ఒంటబట్టేది అక్కడే. ఆ తర్వాత వాళ్లు సొంత భాషలో రాసేటప్పుడు కూడా అసలు విషయం వ్యాసం మొదటికి జరగవచ్చు. ప్రభావం టర్కీ భాష నుంచి ఇంగ్లిష్ వైపే పోతుందని నువ్వు ఎందుకు అనుకున్నావో నాకు అంతుపట్టలేదు. ఒకే విద్యార్థి చేత ఒకే ప్రశ్నకు రెండు భాషల్లోనూ రాయించిన వ్యాసాలు దొరికితే వదలకు. నీ దగ్గరున్న మొత్తం కట్టకంటే అవి నాలుగు మేలు.

ఇక పని. ప్రతి వ్యాసం మీదా మూడు సంగతులు రాసిపెట్టు: ఏ ప్రశ్నకు రాసింది, రాసినవారు ఏ తరగతి, ఇంగ్లిష్‌లో ఎన్నేళ్ల చదువు. ఈ వివరాలు లేనివాటిని పక్కన పెట్టేయ్, సగం కట్ట పోయినా సరే. రెండో ప్రతి పంపేటప్పుడు ప్రశ్నపత్రాలు కూడా జతచెయ్యి. నేను ముందు వాటినే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు