డబ్బు పందెం కట్టే గేమింగ్ ప్లాట్‌ఫారంలో ఒక మాడ్యూల్ (సాఫ్ట్‌వేర్‌లో ఒక విడి భాగం) మారిస్తే మొత్తం మళ్లీ పరీక్షించాలా?

అక్కర్లేదు, మాడ్యూళ్లు నిజంగా విడివిడిగా ఉంటే, మార్చిన భాగాన్నీ, దాని ప్రభావం పడే భాగాలనూ మళ్లీ పరీక్షిస్తే సాధారణంగా సరిపోతుంది. తిరుపతిలో ఉండి విదేశీ క్లయింట్లకు కోడ్ రాసేవాళ్లు ఇది తెలుసుకుని తీరాలి.

జూదానికి లైసెన్సులిచ్చే నియంత్రణ సంస్థలు అన్ని భాగాలనూ ఒకేలా చూడవు. ఆట ఫలితాన్ని తేల్చే ర్యాండమ్ నంబర్ జనరేటర్‌లో చిన్న మార్పు చేసినా గట్టి పరీక్ష తప్పదు. పేజీ రంగు మారిస్తే అంత పట్టింపు ఉండదు. కానీ అంతా ఒకే కోడ్‌లో కలిసిపోయి ఉంటే, ఏ మార్పు దేన్ని కదిపిందో మీరు నిరూపించలేరు. అసలు చిక్కంతా అక్కడే.

బ్రిటన్ 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో జూదాన్ని నిషేధించింది. చెల్లింపుల మాడ్యూల్ విడిగా ఉంటే ఆ మార్పు అక్కడితో ఆగుతుంది, ఆట ఇంజిన్‌ను ముట్టుకోనక్కర్లేదు.

సర్వీసులను వేర్వేరు సర్వర్లలో పెడితే మాడ్యులర్ అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. అవన్నీ ఒకే డేటాబేస్ టేబుళ్లలో రాస్తుంటే విడిపోనట్టే లెక్క. విదేశీ లైసెన్సు ఉంటే ఇలాంటి ప్లాట్‌ఫారాన్ని చిత్తూరులోనూ నడపొచ్చన్న అపోహ ఇంకా ప్రమాదం: పందెం కట్టే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది.