ముందు బయటపడినంత మాత్రాన ముందు అంటుకున్నట్టు కాదు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పెళ్లయి ఆరేళ్లు, ఒక బాబు. మా ఆయన పని మీద వేరే ఊళ్లో ఉంటారు, రెండు నెలలకోసారి ఇంటికొస్తారు. పది రోజుల కింద వచ్చినప్పుడు ఆయన బ్యాగులో బట్టలు తీస్తుంటే సగం వాడిన మాత్రల అట్ట, డాక్టరు చీటీ కనిపించాయి. మా అక్క తనకు తెలిసిన నర్సుకి చూపిస్తే సుఖవ్యాధికి రాసిన మందులని చెప్పింది. ఆ రాత్రి కండోమ్ వాడమన్నాను. "నా మీద అనుమానమా? లేక నువ్వే ఏదైనా చేశావా?" అన్నారు. చివరికి ఆయన మాటే నెగ్గింది. మా అత్తగారితో అంటే, "తిరక్క మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడ్డది, ఊరుకో" అన్నారు. బాబు కడుపులో ఉన్నప్పుడు చేసిన హెచ్ఐవీ పరీక్షలో నెగెటివ్ వచ్చింది. ఇప్పుడు మళ్లీ చేయించుకుంటే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు ఉండదా? పాజిటివ్ అని వస్తే నన్ను ఇంట్లో ఉండనిస్తారా? ఆయన వచ్చే నెల మళ్లీ వస్తున్నారు.

జవాబు: పరీక్ష చేయించుకోండి, ఈ వారంలోనే. మిగతావన్నీ ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

మీ భయం అర్థం లేనిది కాదు. చాలామంది ఆడవాళ్లకు గర్భంతో ఉన్నప్పుడు ఎలాగూ రక్తపరీక్ష చేస్తారు. మగవాళ్లకు అలాంటి సందర్భం రాదు. అందుకే ఎన్నో ఇళ్లలో ముందు బయటపడేది భార్య రిపోర్టే. అది చూడగానే "నువ్వే తెచ్చావు" అనేస్తారు. పరీక్షలో తేలేది వైరస్ ఉందా లేదా అన్నది మాత్రమే. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ కాగితం చెప్పదు. ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. రేపు అవసరమైతే ఇదే మాట అనండి.

బాబు కడుపులో ఉన్నప్పుడు వచ్చిన నెగెటివ్ అప్పటి సంగతి. ఇప్పుడు చేసే పరీక్షలో కూడా ఒక చిక్కుంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన వెంటనే దొరకదు. వేలి కొసన సూదితో గుచ్చి, చుక్క రక్తంతో పావుగంట, ఇరవై నిమిషాల్లో చెప్పేసే పరీక్షలను చాలావరకు 90 రోజులు దాటాకే పూర్తిగా నమ్మాలి. నరంలో రక్తం తీసి ల్యాబ్‌లో చేసే కొత్త రకానికి 45 రోజులు చాలు. కాబట్టి ఇప్పుడొకటి, ఆ రాత్రి నుంచి లెక్కేసి గడువు దాటాక ఇంకొకటి. ఆయన వచ్చే నెల వచ్చినప్పుడు మళ్లీ కండోమ్ లేకుండా కలిస్తే ఆ లెక్క మొదటికొస్తుంది, చూసుకోండి.

సుఖవ్యాధి ఉంటే హెచ్ఐవీ ఉన్నట్టేనా? కాదు. కానీ పుండో, వాపో ఉన్నచోట వైరస్‌కి దారి సులువవుతుంది. ఆడవాళ్లలో ఈ జబ్బులు చాలాసార్లు పైకి ఏమీ తెలియకుండా లోపలే ఉంటాయి. మగవాడికి మంట పుట్టగానే డాక్టరు దగ్గరికి పరిగెడతాడు, భార్యకు ఏమీ అనిపించదు కాబట్టి వెళ్లదు. పైగా కలయికలో వీర్యం యోనిలో నిలిచి ఉంటుంది, దానికి తగిలే పొర విస్తీర్ణమూ ఎక్కువే. శరీరం తీరే అలా ఉంది. దానికి తోడు కండోమ్ వేసుకోవాలా వద్దా అన్నది ఆయన ఇష్టం, అడిగితే అనుమానం కింద లెక్క. మీరు ఎంత పద్ధతిగా ఉన్నా ఆ పద్ధతి మిమ్మల్ని కాపాడలేదు. ప్రపంచంలో హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్లలో ఆడవాళ్లు, ఆడపిల్లలు 53 శాతమని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్ఎయిడ్స్ 2023కి చెప్పిన లెక్క. వాళ్లలో మీలాగే "నేనే తప్పూ చేయలేదే" అనుకున్నవాళ్లు ఎంతోమంది. మీ అత్తగారు చెప్పిన సామెత మీద నాకు చాలా కోపం. మగవాడు తిరిగొస్తే వచ్చే జబ్బు సంగతి అందులో ఎక్కడా లేదు.

ఇక ఆయనతో ఎలా మాట్లాడాలి? "ఎవరి దగ్గరికి వెళ్లారు" అని మొదలుపెడితే గొడవే మిగులుతుంది. ఆ నిలదీత మీ హక్కే, కాదనను. దానికి వేరే రోజు పెట్టుకోండి. ముందు మీరు స్త్రీల డాక్టరు దగ్గరికి వెళ్లి, చీటీ ఫోటో చూపించి, మీకూ మందు కావాలేమో అడగండి. ఇలాంటి జబ్బుకి ఇద్దరూ వాడకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరిగి తిరిగి వస్తుంది. అప్పుడు ఆయనతో, "డాక్టరు ఇద్దరికీ మందులు చెప్పారు, తగ్గిందని తేలేదాకా కలవొద్దన్నారు, ఆ తర్వాత కండోమ్ వాడాలన్నారు" అనొచ్చు. ఇందులో అబద్ధం లేదు, డాక్టర్లు మామూలుగా చెప్పేదే. ఫోన్‌లో వద్దు, ఎదురుగా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పండి.

మీవారు చెయ్యి చేసుకుంటారో లేదో మీరు రాయలేదు. ఆ భయం ఏ కాస్త ఉన్నా ఒంటరిగా ఈ మాట ఎత్తొద్దు. ముందే అక్కకి చెప్పి ఉంచండి, ముఖ్యమైన కాగితాలు, కొంత డబ్బు ఆమె దగ్గర పెట్టండి. మీరు వద్దన్నా బలవంతం చేస్తే, మొగుడైనా సరే, అది బలవంతమే. 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే హెచ్ఐవీ అంటకుండా 28 రోజుల మందులిస్తారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. మొన్నటి రాత్రికి ఆ గడువు దాటిపోయింది. ఇకముందు ఆయన ఒప్పుకోకపోయినా మీ చేతిలో ఉండే దారులున్నాయి: ఆడవాళ్ల కండోమ్, హెచ్ఐవీ అంటకుండా ముందుజాగ్రత్తగా వాడే ప్రెప్ మాత్రలు. వీటి గురించి పరీక్షా కేంద్రంలో అడగండి.

పాజిటివ్ వస్తే? టెన్షన్ పడొద్దంటే మీరు నమ్మరు, అందుకే ఉన్నది చెప్తాను. ఆలస్యం చేయకుండా మందులు మొదలుపెట్టి రోజూ వేసుకుంటే అందరిలాగే పూర్తి ఆయుష్షు ఉంటుంది. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే కలయిక ద్వారా ఇంకొకరికి అంటదు. బాబుకీ పరీక్ష చేయించాలి. మందుల్లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం 15 నుంచి 45 శాతం, సరిగ్గా వాడితే 5 శాతం కన్నా తక్కువ. కాబట్టి మళ్లీ పిల్లలు కావాలన్నా దారి మూసుకుపోదు. బాబుని ఎత్తుకోవడానికి, పక్కన పడుకోబెట్టుకోవడానికి భయపడక్కర్లేదు.

ఇంట్లో ఉండనిస్తారా అన్నదానికి నేను హామీ ఇవ్వలేను. రిపోర్టు ఇంటికి తీసుకెళ్లకండి, ఎవరికి, ఎప్పుడు చెప్పాలో పరీక్షా కేంద్రంలో సలహా ఇచ్చే కౌన్సిలర్‌తో కూర్చుని తేల్చుకున్నాకే నోరు విప్పండి. "నా వివరాలు ఎవరెవరికి తెలుస్తాయి, మా ఆయనకి చెప్తారా" అని రక్తం ఇవ్వకముందే అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకో కేంద్రానికి వెళ్లండి. మీ అక్కను వెంట తీసుకెళ్లండి, రిజల్ట్ వచ్చేదాకా బయట బెంచీ మీద ఒక్కరే కూర్చోవద్దు.