టూల్ పేరు చూసి ఫీజు కట్టకండి

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ. దర్రీలు నేయించి అమ్ముతాం. మా అమ్మాయి ఇంటర్‌లో ఎంఈసీ (గణితం, ఎకనామిక్స్, కామర్స్) చదివి, ఇప్పుడు హన్మకొండలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ రెండో సంవత్సరంలో ఉంది. తనకు వెబ్‌సైట్లు తయారు చేసే పని మీద ఆసక్తి. అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థ ‘ఏఐతో ఫుల్ స్టాక్’ (వెబ్‌సైట్‌లో పైకి కనిపించే భాగం, వెనక నడిచే భాగం రెండూ నేర్పే) కోర్సుకు డెబ్బై వేల రూపాయలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. మా బావమరిది మాత్రం, ఇప్పుడు వెబ్‌సైట్లను ఏఐ తానే తయారు చేస్తుంటే ఇక ఈ చదువెందుకు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది గారి మాటలో నిజం లేకపోలేదు. నాలుగు పేజీల వెబ్‌సైట్ కావాలని చాట్‌జీపీటీ, జెమినై వంటివాటికి తెలుగులో చెప్పినా ఇవాళ కోడ్ రాసిస్తున్నాయి. వర్డ్‌ప్రెస్, షాపిఫై వంటి వేదికలైతే కోడ్ జోలికి పోకుండానే ఆన్‌లైన్ దుకాణం తెరిపిస్తాయి. కేవలం పేజీలు తయారు చేసిపెట్టడమే బతుకుదెరువుగా ఉన్నవారికి ఇవి గడ్డు రోజులే. అయితే తయారైన సైట్ సరిగా పనిచేస్తోందా, డబ్బు చేరవలసిన చోటికి చేరుతోందా, కొన్నవారి వివరాలు బయటికి పొక్కకుండా ఉన్నాయా అని చూడగలిగిన వారి అవసరం మాత్రం పెరిగింది. మీ అమ్మాయి ఆసక్తిని ఆ వైపు మళ్లించమని నా సలహా.

మీ సరుకుతోనే ఒక ఉదాహరణ చెబుతాను. ఒక దర్రీ ధర 2,400 రూపాయలు అనుకుందాం. ఏఐ రాసిన చెల్లింపు పేజీలో, ఆ ధరను కొనేవారి బ్రౌజరే సర్వర్‌కు (సైట్‌ను నడిపే కంప్యూటర్‌కు) పంపేలా కోడ్ ఉండే అవకాశం ఉంది. పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, డబ్బూ వస్తుంది. కానీ బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ వాడడం తెలిసినవారెవరైనా ఆ 2,400ను 24గా మార్చి పంపగలరు. సర్వర్ తన డేటాబేస్‌లో ఉన్న ధరనే లెక్కలోకి తీసుకోవాలి. చెల్లింపు పూర్తయిందన్న సంగతిని కూడా బ్రౌజర్ మాట మీద నమ్మకుండా, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవ) నేరుగా సర్వర్‌కు పంపే సందేశంలోని డిజిటల్ సంతకాన్ని సరిచూశాకే నమ్మాలి. ఈ సంగతి తెలిసినవారు ఏఐ కోడ్‌లోని ఇటువంటి లోపాన్ని చూడగానే పట్టుకుంటారు, తెలియనివారు నెలాఖరున లెక్క తేలక తల పట్టుకుంటారు.

బీకాం చదువు అక్కరకు వచ్చేది ఇక్కడే. అమ్మకాల చిట్టాను బ్యాంకు జమలతో సరిచూడడం, జీఎస్టీ ఇన్‌వాయిస్‌లో ఏయే వివరాలు ఉండాలో తెలియడం, సరుకు తిరిగి వస్తే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఎప్పుడు ఇవ్వాలో తెలియడం వంటివి కోడ్ బాగా రాసే చాలామంది ఇంజినీరింగ్ విద్యార్థులకు తెలియవు. ఇంజినీరింగ్ చదవలేదే అన్న చింత మీ ఇంట్లో ఉంటే దాన్ని పక్కన పెట్టండి.

ఇక కోర్సు సంగతి. వెబ్ రంగంలో టూల్స్ ఆయుష్షు తక్కువ. వెబ్ పేజీల్లో యానిమేషన్ల కోసం ఒకప్పుడు వేలమంది నేర్చుకున్న ఫ్లాష్‌కు 2020 డిసెంబర్‌తో తెర పడింది. వెబ్ యాప్‌లు కట్టడానికి 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్‌కు 2021 చివరితో గూగుల్ మద్దతు ఆగిపోయింది. 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మాత్రం ఇప్పటికీ ప్రతి బ్రౌజర్‌లోనూ నడుస్తోంది. అందువల్ల పేజీ నిర్మాణానికి హెచ్‌టీఎంఎల్, రూపానికి సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, ఆ తరువాత డేటాబేస్ కోసం ఎస్‌క్యూఎల్, ఇవి గట్టిగా వచ్చాకే రియాక్ట్ వంటి రెడీమేడ్ కోడ్ లైబ్రరీల దగ్గరికి వెళ్లాలి. ఆ సంస్థ సిలబస్‌ను ఒకసారి తెప్పించుకుని చూడండి. అందులో రియాక్ట్ ప్రాజెక్టులను ‘క్రియేట్ రియాక్ట్ యాప్’తో మొదలుపెడతామని ఉంటే, రియాక్ట్ బృందమే 2025 ఫిబ్రవరిలో కొత్త ప్రాజెక్టులకు వద్దని చెప్పిన టూల్‌ను వారు ఇంకా బోధిస్తున్నారని అర్థం. అటువంటి చోట సిలబస్ పైన ‘ఏఐ’ అని రాసి ఉన్నా ఒరిగేదేమీ ఉండదు.

ఈ పునాది పాఠాలన్నీ ఎండీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలైన స్వయం, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు కూడా ఉన్నాయి. ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లోనే ఉన్నా, అర్థం కాని పేరాను ఏఐకి ఇచ్చి తెలుగులో వివరించమని అడగవచ్చు. నా దృష్టిలో విద్యార్థులకు ఏఐతో కలిగే పెద్ద మేలు ఇదే. కోడ్ మాత్రం మొదటి ఆరు నెలలు సొంత చేత్తోనే రాయాలి.

నేర్చుకున్నది ప్రయోగించడానికి మీ దుకాణం కంటే మంచి చోటు లేదు. మొదట గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో దుకాణం చిరునామా, వేళలు, ఫొటోలు పెట్టించండి. 2018లో మొదలైన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఒక్కో దర్రీకి కొలత, నూలా జనపనారా అన్నది, రంగు, ధర వేరువేరుగా చూపే కేటలాగ్ తయారు చేయించండి. ఇవి రెండూ ఉచితమే. ఆ తరువాతే సొంత వెబ్‌సైట్. అక్కడ తను మొదట ఎదుర్కొనే చిక్కు ఫొటోలతోనే వస్తుంది. ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది, అటువంటివి ఇరవై ఒకే పేజీలో పెడితే దాదాపు వంద ఎంబీల బరువవుతుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఆ పేజీ తెరుచుకునేలోగా కొనాలనుకున్నవారు వెళ్లిపోతారు. వెడల్పును 1,200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ (ఫొటో సైజును తగ్గించే) ఫార్మాట్‌లోకి మారిస్తే అదే ఫొటో సాధారణంగా కొన్ని వందల కేబీలకు దిగివస్తుంది. ప్లే స్టోర్‌లో యాప్ పెట్టవలసిన పని కూడా లేదు, ప్రోగ్రెసివ్ వెబ్ యాప్‌గా తయారు చేస్తే బ్రౌజర్ నుంచే ఫోన్ తెర మీదికి చేరుతుంది.

ఇంతలో రెండు జాగ్రత్తలు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే గానీ, ఆ జీఐ గుర్తును మీ సైట్‌లో వాడుకోవాలంటే మీరు అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. కొన్నవారి పేర్లు, ఫోన్ నంబర్ల జాబితాను ఉచిత ఏఐ టూల్స్‌లో వేయకూడదు, వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టమే చేసింది.

ఉద్యోగాల విషయంలో ఉన్నమాట చెప్పాలి. వరంగల్ దగ్గరి మడికొండలో 2020లో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు వచ్చాయి, కరీంనగర్‌లో అదే ఏడాది ఐటీ టవర్ తెరిచారు. అయినా మన జిల్లాల్లో బీకాం పట్టాతో నేరుగా డెవలపర్‌గా తీసుకునే చోట్లు తక్కువ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఈ-కామర్స్ నిర్వహణ, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ వంటి పనులతో లోపలికి వెళ్లి పైకి రావడం తేలిక. ఇంటర్‌లో గణితం ఉంది గనుక ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంసీఏలో (కంప్యూటర్ అప్లికేషన్స్ పీజీలో) చేరే దారి కూడా తనకు తెరిచే ఉంది. డిగ్రీ మూడో ఏట ఆ నోటిఫికేషన్‌లోని అర్హతలు చదివి నిర్ణయించుకోవచ్చు.

ఇప్పటికైతే ఆ డెబ్బై వేలు కట్టకండి. ఇంట్లో ఉండి నేర్చుకున్నాక కూడా, పక్కన కూర్చోబెట్టి నేర్పేవారు ఉంటే బాగుండునని తనకు అనిపిస్తే, మూడో సంవత్సరం పరీక్షలయ్యాక ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ‘గ్యారంటీ’ అంటే ఏ జీతానికి, ఎంత గడువులో, రాకపోతే ఫీజులో ఎంత వెనక్కి అన్నది కాగితం మీద రాయించుకోండి. కిందటి బ్యాచ్ విద్యార్థులతో మీరే మాట్లాడండి. ఫీజు వాయిదాల్లో కట్టండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి.