ఆధార్‌లో వయసు 19, టెన్త్ మెమోలో 17: కేసు ఏ కోర్టుకు పోతుంది?

హన్మకొండలో బైక్ దొంగతనం కేసులో పట్టుబడిన మీ మేనల్లుణ్ని మామూలు కోర్టులో పెట్టొచ్చా అని అడిగారు. పెట్టకూడదు. నేరం జరిగిన రోజుకు 18 నిండకపోతే కేసు పిల్లల మీద పెట్టే నేర కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుదే. అందులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు.

కేసు చెడేది ఎక్కువగా వయసు దగ్గరే. పోలీసులు ఆధార్ జిరాక్స్ చూసి మేజర్ అని రాసేస్తారు. వయసు ఎలా తేల్చాలో చెప్పే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్‌లో ఆధార్ ఊసే లేదు. అందులో ఉన్న వరస ఇది: బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో, అవి లేకుంటే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే బర్త్ సర్టిఫికెట్, అదీ లేకుంటేనే ఎముకల పరీక్ష. ఈరోజే మెమో ఒరిజినల్ తీసి పెట్టుకోండి. అతను చదివిన బడికి వెళ్లి, అడ్మిషన్ రిజిస్టర్‌లోని తేదీతో సర్టిఫికెట్ రాయించి, హెడ్‌మాస్టర్ సంతకం, ముద్ర కూడా వేయించుకోండి. ఇప్పటికే మామూలు మేజిస్ట్రేట్ ముందు పెట్టి ఉంటే అదే చట్టం 9వ సెక్షన్ కింద పిటిషన్ వేయండి. మైనర్ అన్న వాదన ఏ దశలోనైనా, తీర్పు వచ్చాక కూడా ఎత్తవచ్చు.

మైనర్‌ను లాకప్‌లో ఒక్క రాత్రి కూడా ఉంచరాదు, ఈ విషయంలో స్టేషన్‌లో గట్టిగా అడగండి. ప్రయాణ సమయం కాక 24 గంటల్లో బోర్డు ముందుకు తేవాలి. పూచీకత్తు లేకుండానూ బెయిల్ ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే విచారణ సాగేటప్పుడు పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కు పంపాలి తప్ప జైలుకు కాదు. 16 దాటినవాళ్లను పెద్దలలా విచారించే వీలు కనీస శిక్ష 7 ఏళ్లున్న ఘోర నేరాలకే. బైక్ దొంగతనం అందులోకి రాదు.