రాత్రిళ్లు డాబా మీద మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. ఖగోళశాస్త్రం చదువుతానంటోంది. మావారేమో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాసి కంప్యూటర్ సైన్స్‌లో చేరాల్సిందే అంటున్నారు. రాత్రిళ్లు చుక్కలు చూడ్డానికి డాబా ఎక్కితే ‘ఆడపిల్లకి ఇదేం పిచ్చి’ అని మా అత్తగారు. తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. పది వరకే చదివిన నేను ఏం చెప్పగలను? – ఒక తల్లి, ఒంగోలు

జవాబు: చదువు లేదని మీరు పక్కకి తప్పుకోకండి. ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరితోనూ మాట్లాడగలిగేది మీరొక్కరే.

మీవారిది మొండితనం అనుకోను. ఉద్యోగం వస్తుందా, ఎక్కడో కొండమీద రాత్రంతా ఒంటరిగా పనిచేయాలా అన్నది ఆయన టెన్షన్. నిజానికి ఈ పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే జరుగుతుంది. టెలిస్కోపు ఇచ్చిన డేటాతో నెలల తరబడి కూర్చోవాలి, ప్రోగ్రామింగ్ రాకపోతే కుదరదు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసిన అన్నపూర్ణి సుబ్రమణ్యం 2019లో దానికే డైరెక్టర్ అయ్యారు. ఇవన్నీ ఆయనకి చెప్పండి.

అమ్మాయిని కూడా ఒక మాట అడగండి. తనకి కావాల్సింది నక్షత్రాల గురించి తెలుసుకోవడమా, ఉపగ్రహాలు తయారుచేయడమా? చాలామంది పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు. ఉపగ్రహాలే అయితే ఇంజినీరింగ్ మంచి దారి. చిత్తూరు జిల్లాకు చెందిన కల్పన కాళహస్తి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ (ఈసీఈ) చదివి ఇస్రోలో చేరారు, 2023లో చంద్రయాన్-3కి అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా పనిచేశారు. నక్షత్రాలే కావాలంటే ఫిజిక్స్ చదవాలి. తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలో డిగ్రీ, పీజీ కలిపిన అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. దాని ప్రవేశపరీక్ష ఐఏటీకి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎలాగూ ఎంసెట్ కోసం చదివేవే. బయాలజీ ప్రశ్నలూ ఉంటాయి, అది మాత్రం విడిగా చూసుకోవాలి. రెండు పరీక్షలూ రాయనివ్వండి.

అత్తగారి మాట నాకు బాధగా ఉంది. మనవడు డాబా ఎక్కితే ఆవిడ అలా అనేవారా? అయినా వాదన పెట్టుకోకండి, డాబా మీదికే తీసుకెళ్లండి. గురుగ్రహం కనిపించే నెలల్లో మామూలు బైనాక్యులర్స్‌ని కదలకుండా పిట్టగోడకి ఆనించి చూస్తే, పక్కనే దాని చందమామలు చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. మర్నాటికి చోటు మారి ఉంటాయి. అవేంటో నానమ్మకి అమ్మాయే చెప్పాలి.

ఇక తండ్రీకూతుళ్ల మధ్య ఎల్లకాలం మీరే మాటలు మోయకండి. ఫీజులు, పరీక్ష తేదీలు, సీటు రాకపోతే ఏం చేస్తుందో అమ్మాయినే కాగితం మీద రాసి నాన్న చేతికి ఇవ్వమనండి. ఆయన అడిగేవాటికి మీరు అందుకోవద్దు, తననే జవాబు చెప్పనివ్వండి.