డాక్టర్ సలహా: స్క్రబ్ టైఫస్ వచ్చిన ఇంటి వెనక ఎలుకల బోన్లు ఎందుకు పెట్టారు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర పల్లె. పోయిన నెల మా అమ్మకు (63 ఏళ్లు) జ్వరం వచ్చి ఎంతకీ తగ్గలేదు. మొదట టైఫాయిడ్ అని వారం రోజులు ఇంజెక్షన్లు వేశారు. తర్వాత తిరుపతిలో చూపిస్తే స్క్రబ్ టైఫస్ అన్నారు. మందు మొదలుపెట్టిన రెండో రోజుకే జ్వరం దిగింది. ఇప్పుడు బాగుంది. వారం కిందట ఒక టీమ్ వచ్చి మా వామిదొడ్డిలో, చేను గట్ల మీద, కంచె వెంబడి బోన్లు పెట్టి ఎలుకల్ని పట్టింది. వాటిని దువ్వెనతో దువ్వి, రక్తం తీసి, ఇక్కడ ఇండెక్స్ ఎక్కువగా ఉందని చెప్పి వెళ్లారు. అప్పట్నుంచి ఊరంతా టెన్షన్. ఎలుకల మందు పెట్టి అన్నిటినీ చంపేద్దామని కొందరు అంటున్నారు. ఈ జబ్బు ఎలుకల నుంచే వస్తుందా? ఇండెక్స్ అంటే ఏమిటి? అమ్మకు మళ్లీ వస్తుందా? మా చెల్లెలు ఐదో నెల గర్భిణి, ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఆమెకేమైనా ప్రమాదమా?

జవాబు: మీ అమ్మగారు కోలుకున్నందుకు చాలా సంతోషం. సరైన మందు పడితే రెండు రోజుల్లో జ్వరం దిగడం ఈ జబ్బులో మామూలే. అలా దిగకపోతేనే మేము ఇంకేదైనా ఉందేమోనని మళ్లీ వెతుకుతాం.

ఇక ఎలుకల మందు సంగతి. దయచేసి ఇప్పుడే పెట్టకండి. మీ ఊరివాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఈ జబ్బు ఎక్కడ కాపురం ఉంటుందో తెలిస్తే, ఎలుకల్ని చంపడం ఎందుకు తొందరపాటు అవుతుందో మీకే తెలుస్తుంది.

స్క్రబ్ టైఫస్‌కు కారణం ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా. దాని అసలు ఇల్లు ఎలుక కాదు, నేల మీద ఉండే ఒక జాతి నల్లి. నల్లి అంటే మంచం నల్లి అనుకోకండి. మిరప తోటలో ఆకులు ముడుచుకుపోయేలా చేసే నల్లి ఉంటుంది కదా, దానికి చుట్టం. మిరప నల్లి మనిషిని ఏమీ చెయ్యదు. మన దేశంలో ఈ జబ్బు మోసే ముఖ్యమైన నల్లి పేరు లెప్టోట్రాంబిడియం డెలియెన్సీ. గుడ్డులోంచి వచ్చిన దాని పిల్లను చిగ్గర్ అంటారు. మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. గడ్డి మొదట్లో, రాలిన ఆకుల మీద గుంపుగా కాచుకుని ఉంటుంది. దగ్గరగా ఎలుక పోయినా, మనిషి పోయినా ఎక్కేస్తుంది. రక్తం తాగదు. చర్మాన్ని తన లాలాజలంతో కరిగించి, ఆ ద్రవాన్ని పీలుస్తుంది. రెండు మూడు రోజులు అలా తిని, నేల మీదికి రాలిపోయి, పెద్దదై, మట్టిలోని చిన్న పురుగుల గుడ్లు తింటూ బతుకుతుంది. అంటే జీవితం మొత్తంలో అది ఒక ప్రాణి ఒంటి మీద తినేది ఒక్కసారే.

ఒక్కసారే తినే పురుగుకు క్రిమి ముందే ఎలా వచ్చింది? తల్లి నుంచి. తల్లి నల్లిలో ఉన్న బ్యాక్టీరియా గుడ్డులోకి, గుడ్డులోంచి పిల్లకు దిగుతుంది. ఇలా తరతరాలుగా నల్లిలోనే నిలిచి ఉంటుంది. ఎలుక చేసేది ఏమిటంటే, చిగ్గర్లకు అన్నం పెట్టడం, వాటిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకుపోవడం. ఎలుక కరిచినా ఈ జబ్బు రాదు. జబ్బు మనిషి నుంచి ఇంకో మనిషికి అంటదు కాబట్టి అమ్మగారి పక్కన పడుకోవడానికి, ఆమె పళ్లెంలో తినడానికి ఎవరూ భయపడక్కర్లేదు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చేది లెప్టోస్పైరోసిస్, అది వేరే జబ్బు. రెండూ వానలతోనే వస్తాయి, రెండూ జ్వరంతోనే మొదలవుతాయి. అందుకే జనం కలిపేసుకుంటారు.

ఇప్పుడు ఒక్కసారిగా ఎలుకలన్నిటినీ చంపేశారనుకోండి. నేల మీద చిగ్గర్లు అలాగే ఉంటాయి. వాటికి రోజూ దొరికే ఎలుక లేదు. తర్వాత ఆ దారిన పోయేది గడ్డి కోసే మీరో, మేకలు తోలే పిల్లవాడో. ముందు కంచె వెంబడి పిచ్చిమొక్కలు కొట్టి శుభ్రం చెయ్యాలి, అవసరమైన చోట నేల మీద పురుగు మందు చల్లాలి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మలేరియా విభాగం వాళ్లు చూసుకుంటారు. ఎలుకల పని ఆ తర్వాత.

మీకు ఇంకో మాట కూడా చెప్పాలి. తొలకరి వానలకు మన చేలల్లో ఎర్ర మఖ్మల్ ముక్కలా ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. స్క్రబ్ టైఫస్ వార్తలొచ్చాక వాటిని తొక్కి చంపుతున్నారని ఒక పాఠకురాలు నాకు రాశారు. ఆరుద్ర పురుగు కూడా నల్లి కుటుంబానికి చెందినదే, కానీ అది మనిషి జోలికి రాదు. దాన్ని వదిలెయ్యండి. కంటికి కనిపించనంత చిన్న దానితోనే మనకు పని.

టీమ్ వాళ్లు ఎలుకల్ని పట్టింది కూడా అందుకే. అంత చిన్న పురుగును ఊరంతా నేల మీద వెతకడం చాలా కష్టం. నల్లటి పలకను గడ్డిలో కాసేపు ఉంచి, దాని మీదికి పాకిన చిగ్గర్లను లెక్కపెట్టే పద్ధతి ఉంది. కానీ ఒక పలక చెప్పేది ఆ మూరెడు నేల గురించే. ఎలుక అలా కాదు. రాత్రంతా కంచెల్లో, వాముల కింద, గట్ల వెంట తిరుగుతుంది. తిరిగిన ప్రతి చోటి చిగ్గర్లూ దాన్ని పట్టుకుంటాయి. తెల్లారేసరికి ఆ ఎలుక ఒంటి మీద మీ ఊరి నేల లెక్క ఉంటుంది.

కొన్నేళ్ల కిందట అలాంటి టీమ్‌తో ఒక రోజు నేనూ వెళ్లాను. సాయంత్రం ఎండుచేప, కొబ్బరి ముక్క ఎరగా పెట్టి బోన్లు వరసగా పెట్టారు. ప్రతి బోనుకూ ఒక నంబరు. తెల్లవారుజామున తీసి చూస్తే ఇంటి ఎలుకలు, ఒక పందికొక్కు, ఎక్కువగా చుంచెలుకలు పడ్డాయి. ముక్కు పొడుగ్గా ఉండి, కంపు కొడుతూ కీచుమంటాయే, అవి. బోనులోంచి గుడ్డ సంచిలోకి మార్చి, మత్తు ఇచ్చి, తెల్ల ట్రేలో పడుకోబెట్టి సన్న దువ్వెనతో దువ్వారు. ట్రేలో పేలు, గోమార్లు రాలాయి. చిగ్గర్లు రాలలేదు. అక్కడి ఉద్యోగి ఒకరు చుంచెలుక చెవిని పట్టకారుతో మెల్లగా మడిచి నాకు చూపించారు. చెవి లోపలి మడతలో నారింజ రంగు పొడి అంటుకున్నట్టు ఉంది. పొడి అనుకున్నాను. భూతద్దం పెడితే కాళ్లు కదులుతున్నాయి. ఆ చిన్న చెవిలోనే పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటిని గీకి ఆల్కహాల్ సీసాలో వేసి, సీసా మీద బోను నంబరు రాశారు. తర్వాత ల్యాబులో స్లైడు చేసి, మైక్రోస్కోపులో వీపు మీది పలక ఆకారాన్ని బట్టి ఏ జాతో తేలుస్తారు. చిగ్గర్లలో బోలెడు జాతులున్నాయి. జబ్బు మోసేవి కొన్నే.

ఆ లెక్కే మీరు విన్న ఇండెక్స్. పట్టిన జంతువుల మీద దొరికిన చిగ్గర్లను, మొత్తం జంతువుల సంఖ్యతో భాగిస్తారు. ఒక్క పురుగూ లేని ఎలుక కూడా లెక్కలో ఉంటుంది. ఉదాహరణకు 20 జంతువులు పట్టి, వాటి మీద మొత్తం 14 లెప్టోట్రాంబిడియం డెలియెన్సీ చిగ్గర్లు దొరికితే సగటు 0.7. మన దేశంలో హద్దు 0.69. ఒక జంతువుకు అంతకు మించి ఉంటే ఆ చోట పురుగు నివారణ పని మొదలుపెట్టాలని సూచన. మీ ఊళ్లో ఇండెక్స్ ఎక్కువ అన్నారంటే అర్థం ఇదే. ఊరందరికీ జబ్బు వస్తుందని కాదు. అన్ని చిగ్గర్లలోనూ బ్యాక్టీరియా ఉండదు, ఉండేది కొన్నింటిలోనే. ఎలుక రక్తం తీసింది అది తేల్చడానికి. గతంలో బ్యాక్టీరియా సోకిందా అన్నది యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారు చేసుకునే ప్రోటీన్లు) చెబుతాయి, ఇప్పుడు ఉందా అన్నది బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చెబుతుంది.

ఈ పని కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా, అస్సాం అడవుల్లో వేలాది సైనికులు ఈ జ్వరంతో పడిపోయినప్పుడు, ఎలుకల చెవులు చూడటం సైనిక వైద్యుల పనుల్లో ఒకటైంది. దక్షిణ కొరియాలో చుసోక్ పండగకు పెద్దల సమాధుల దగ్గర గడ్డి కోస్తారు, కేసులు పెరిగేది ఆ తర్వాతి వారాల్లోనే. అందుకని అక్కడ ఏటా ఆ కాలంలో చిగ్గర్ల సంఖ్య చూసి ప్రజలను హెచ్చరిస్తారు. మనకు దగ్గర్లో పుదుచ్చేరిలో ఉన్న ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఎలుకలు, చుంచుల మీద ఈ పరిశోధన చేస్తోంది. మనుషులకు కేసులు వచ్చాక పరిగెత్తడం కంటే వానలకు ముందు, తర్వాత ఎలుకల మీద లెక్క చూసుకోవడం ఎంతో మేలని నా గట్టి అభిప్రాయం. కాబట్టి మళ్లీ టీమ్ వస్తే మీ దొడ్డి గేటు తియ్యండి. పెట్టిన బోన్లను పిల్లలు తెరవకుండా చూడండి.

అమ్మగారి విషయానికొస్తే, ఈ జబ్బు మళ్లీ రావచ్చు. బ్యాక్టీరియాలో రకాలు చాలా ఉన్నాయి, ఒకదానికి వచ్చిన రక్షణ ఇంకోదానికి సరిపోదు. టీకా లేదు. అందుకని భయపడుతూ బతకమని కాదు. ఇంకోసారి జ్వరం వస్తే, నాకు ఇంతకు ముందు స్క్రబ్ టైఫస్ వచ్చిందని డాక్టరుకు మొదటి రోజే చెప్పమనండి.

టైఫాయిడ్ అని వారం రోజులు ఇంజెక్షన్లు వేశారన్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పేర్లు దగ్గరగా ఉన్నా టైఫాయిడ్ వేరు, టైఫస్ వేరు. టైఫాయిడ్‌కు ఊళ్లలో ఎక్కువగా వేసే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఓరియెన్షియా మీద పనిచెయ్యదు. ఈ బ్యాక్టీరియా మన కణాల లోపలికి దూరి ఉంటుంది. ఆ వారం ఆలస్యంలో కొందరికి ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. పనిచేసే మందు డాక్సీసైక్లిన్, పెద్దవాళ్లకు సాధారణంగా 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, వారం రోజులు. చవకైన మందు, ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఇస్తారు. అయినా డాక్టరు చూసి రాశాకే వాడాలి. జబ్బు ముదిరితే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కించడం మేలని మన దేశంలోనే జరిగిన పెద్ద అధ్యయనంలో తేలి, 2023లో వెలువడింది.

మీ ఇంట్లో ఎవరికైనా నాలుగైదు రోజులకు మించి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటే ఒంటి మీద నల్ల పక్కు వెతకండి. చుట్ట నిప్పు తగిలి కాలినట్టు ఉంటుంది, నడుమ నల్లగా, చుట్టూ ఎర్రగా. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే రోగికి తెలియదు. చిగ్గర్ బట్ట బిగుతుగా ఉన్న చోటు చూసుకుని ఆగుతుంది కాబట్టి గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, మొలతాడు దగ్గర, చీర బొడ్లో దోపే చోట చూడాలి. తొమ్మిది రోజుల జ్వరంతో ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చారు. ఫైల్లో రక్తపరీక్షలు పన్నెండు ఉన్నాయి. మా సిస్టర్ చీర ముడి కాస్త వదులు చేసి చూస్తే, నడుం వెనక రూపాయి బిళ్లలో సగం ఉన్న నల్ల పక్కు. ఆ రోజే మందు మొదలుపెట్టాం. అందరికీ పక్కు కనబడదు. లేనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ కాదనుకోకూడదు. రక్తంలో యాంటీబాడీలు చూసే ఐజీఎం ఎలైజా పరీక్ష జ్వరం మొదలైన మొదటి నాలుగైదు రోజుల్లో నెగటివ్ రావచ్చు. గట్టి అనుమానం ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు ఇవ్వాలి.

మీ చెల్లెలి గురించి మీరు అడగడం చాలా మంచిదైంది. గర్భిణులకు ఈ జబ్బు వస్తే తల్లికీ, కడుపులోని బిడ్డకూ ప్రమాదం, గర్భస్రావం కావచ్చు. చిగ్గర్ కుట్టిన తర్వాత జ్వరం రావడానికి 6 నుంచి 21 రోజులు పడుతుంది. కాబట్టి ఆమె అత్తగారింటికి వెళ్లిపోయాక జ్వరం వచ్చినా సరే, మా పుట్టింట్లో స్క్రబ్ టైఫస్ కేసు వచ్చిందని అక్కడి డాక్టరుకు చెప్పాలి. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తాం, అది సురక్షితం, బాగా పనిచేస్తుంది. ఇప్పుడు జ్వరం లేదు కాబట్టి ముందు జాగ్రత్త అని ఏ మాత్రా వెయ్యకండి. వామిదొడ్డి వైపు, గడ్డిలోకి ఆమెను పంపకుండా ఉంటే చాలు.

మిగతావాళ్లు చేలోకి వెళ్లేటప్పుడు ఒళ్లు కప్పే బట్టలు వేసుకోండి. గడ్డి మీద నేరుగా కూర్చోకండి, పట్ట వేసుకోండి. ఉతికిన బట్టలు కంచె మీద, గడ్డి మీద ఆరెయ్యకండి, దండెం మీద ఆరెయ్యండి. ఇంటికి రాగానే బట్టలు మార్చి, సబ్బుతో గట్టిగా రుద్ది స్నానం చెయ్యండి. చిగ్గర్ ఎక్కిన వెంటనే కుట్టదు, చోటు కోసం కాసేపు తిరుగుతుంది, ఆలోపు కడిగేస్తే పోతుంది. ఇంటి గోడకు ఆనించిన కట్టెల మోపులు, పిచ్చిమొక్కలు తీసేయండి.

టీమ్ మళ్లీ వచ్చేలోపు ఒక పని చేసిపెట్టండి. చిగ్గర్లు ఊరంతా సమానంగా ఉండవు, అక్కడక్కడా చిన్న చిన్న దిబ్బల్లా ఉంటాయి. పది అడుగుల అవతల ఒక్కటీ ఉండకపోవచ్చు. జ్వరం రాక ముందు మూడు వారాల్లో గడ్డి ఎక్కడ కోశారో, బట్టలు ఎక్కడ ఆరేశారో, మధ్యాహ్నం ఏ చెట్టు కింద నడుం వాల్చారో అమ్మగారిని కూర్చోబెట్టి అడిగి, కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం వాళ్ల చేతికిస్తే తర్వాతి బోన్లు ఆ చోట్లలోనే పెడతారు.