అడగండి, చెప్తా: వార్తలు చదివినోళ్ళు, వార్తలు రాసినోళ్ళు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రేడియోలో, టీవీలో, పేపర్లో పనిచేసి ఈ కొన్నేళ్ళల్లో మనల్ని వదిలిపోయిన వాళ్ళ గురించే ఉండాయి. నేను కూడా నెల్లూరులో ఇదే పని చేసుకుంటా బతికినవాణ్ణి, వాళ్ళల్లో కొందరి గొంతు వింటా పెరిగినవాణ్ణి, అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఈ నెల చోటంతా వీటికే ఇస్తున్నా.

ప్రశ్న: దూరదర్శన్ లో తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు పోయినప్పుడు టీవీల్లో అందరూ "టెలిప్రాంప్టర్ లేకుండా వార్తలు చదివారు" అని పదే పదే చెప్పారు. అందులో అంత గొప్పేముంది నాన్నా అని మా పిల్లాడు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయా.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: టెలిప్రాంప్టర్ అంటే కెమెరా లెన్సు ముందర ఒక అద్దం, దాని మీద చదవాల్సిన అక్షరాలు పైకి పోతా ఉంటాయి, చదివేవాళ్ళు ఆ అద్దం చూసి చదువుతుంటే మనకేమో మన మొహం చూసి మాట్లాడినట్టు ఉంటది. ఇప్పుడు ప్రతి ఛానల్లో అదే. శాంతిస్వరూప్ గారి కాలంలో అది లేదు, చేతిలో కాయితాలే. కాయితం చూస్తా చదివితే తల దించుకునే ఉండాలి, చూసేవాళ్ళకి నెత్తి తప్ప మొహం కనపడదు, అందుకని ఆయన వార్తల్ని ముందే బుర్రలోకి ఎక్కించుకుని, ఒక్కసారి కాయితం వైపు కన్నేసి, తలెత్తి మనతో చెప్పేవారు. అదీ లైవ్ లో, తప్పు పోతే మళ్ళీ తీయడానికి లేదు. పేర్లు, అంకెలు, ఢిల్లీ వార్త, రాయలసీమ కరువు, క్రికెట్ స్కోరు అన్నీ అట్టానే. మీ వాణ్ణి ఇవాళ్టి పేపర్ మొదటి పేజీ రెండుసార్లు చదివి కెమెరా ముందు చెప్పమనండి, వాడికే తెలుస్తది.

ఇంకో సంగతి కూడా చెప్పండి వాడికి. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది, ఆయన 1978లో చేరారు, కానీ తెలుగులో వార్తలు చదివే అవకాశం 1983 నవంబర్ 14న గానీ రాలేదు. అన్నేళ్ళు ఎదురు చూసిన మనిషి ఆ తర్వాత 2011లో రిటైర్ అయ్యే దాకా ఆ కుర్చీ మర్యాద తగ్గనీలేదు. గొంతు పెంచి వార్తని ఊదరగొట్టడం ఆయన దగ్గర ఎప్పుడూ చూడలేదు నేను, చావు కబురు చెప్పినా, ఎన్నికల ఫలితాలు చెప్పినా ఒకటే నిదానం, ఏది ఎంత పెద్ద వార్తో తేల్చుకునే పని చూసేవాళ్ళకి వదిలేసేవారు. 2024 ఏప్రిల్ 5న పోయారు. మన వైపు, ముఖ్యంగా తడ, సూళ్ళూరుపేట వైపు ఇళ్ళల్లో ఏంటెనా మద్రాసు వైపు తిప్పి అరవ ప్రోగ్రాములు చూస్తా ఉండే రోజులవి, అట్టాంటి చోట టీవీ తెలుగులో మాట్లాడితే ఎట్టా ఉంటదో ఆయన మొహంతోనే తెలిసింది చాలామందికి.

ప్రశ్న: మా నాయన ఎప్పుడూ పన్యాల రంగనాథరావు, కందుకూరి సూర్యనారాయణ, ఏడిద గోపాలరావు అని రేడియో వార్తల వాళ్ళ పేర్లు చెప్తుంటాడు. వాళ్ళ గొంతు ఒక్కసారి వినిపిద్దామని ఎంత వెతికినా వార్తల రికార్డింగులు దొరకడం లేదు. ఎందుకని?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఎందుకంటే అమ్మా, వార్తలు దాచుకునే వస్తువని అప్పుడు ఎవరూ అనుకోలేదు. బులెటిన్ లైవ్ లో చదివేవాళ్ళు, అయిపోయిందా, మళ్ళీ తర్వాతి బులెటిన్ పనిలో పడేవాళ్ళు. రికార్డు చేసే స్పూల్ టేపులు ఖరీదైనవి, ఒకసారి వాడిన టేపు మీదనే మళ్ళీ ఇంకోటి రికార్డు చేసేవాళ్ళు, అట్టా నాటకాలు, ఇంటర్వ్యూలే చాలా చెరిగిపోయినయి, ఇక వార్తల సంగతి చెప్పేదేముంది. "ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది..." అని పేరు చెప్పుకునే ఆ ఒక్క క్షణమే వాళ్ళకి గుర్తింపు. ఏడిద గోపాలరావు గారు 2020లో పోయారు, ఢిల్లీ నుంచి ఏళ్ళ తరబడి తెలుగు వార్తలు చదివిన మనిషి, నాటకాల్లో గాంధీ వేషం కూడా వేసేవారు, ఆయన పోయిన వార్త పేపర్లో ఎంత చోటులో వచ్చిందో చూసి నాకు చాలా బాధేసింది.

మనకి నెల్లూరులో పెద్ద ఎఫ్ఎం స్టేషన్ 2022లో గానీ రాలేదు. అంతకు ముందంతా విజయవాడో మద్రాసో పట్టుకోవాల్సిందే. మద్రాసు స్టేషన్ 1938లో, విజయవాడ స్టేషన్ 1948 డిసెంబర్ 1న మొదలైనయి. విజయవాడ అంటే బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పొద్దున్నే భక్తిరంజని, ఉషశ్రీ గారి రామాయణం భారతం. ఉషశ్రీ గారు 1990లోనే పోయారు, రజని గారు 2018 ఏప్రిల్లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో. వీళ్ళవి కొంత దొరుకుతున్నాయి, దొరకడానికి కారణం ఆకాశవాణి దాచినవి కొన్నయితే, శ్రోతలు ఇంట్లో టేప్ రికార్డర్ పక్కన పెట్టుకుని క్యాసెట్లలోకి ఎక్కించుకున్నవి ఇంకొన్ని. మీ నాయన దగ్గర పాత క్యాసెట్లు ఏవైనా ఉంటే పారేయొద్దు, వాటి మీద ఏముందో రాయకపోయినా సరే. టేపుకి బూజు పట్టి ఉంటే ముందే ప్లేయర్లో పెట్టి తిప్పబాకండి, తెగిపోతది, తెలిసిన వాళ్ళ చేత శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. సినిమా పాటల మధ్యలో ఎక్కడో అర నిమిషం వార్తలు కూడా రికార్డు అయి ఉండొచ్చు, మీకు కావాల్సిన గొంతు ఆడ దొరికినా దొరకొచ్చు.

ప్రశ్న: రేడియోలో మాట్లాడే అమీన్ సయానీ హిందీ ఆయన కదా, ఆయన పోతే మా తాత ఎందుకంత దిగులు పడ్డాడో అర్థం కాలేదు.
– ఇంటర్ విద్యార్థి, గూడూరు

జవాబు: 1952లో కేంద్ర మంత్రి కేస్కర్ గారు ఆకాశవాణిలో సినిమా పాటలకి అడ్డు పెట్టారు, దాంతో దేశమంతా శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు తిరిగింది, అదే ఏడాది అమీన్ సయానీ గారి హిందీ సినిమా పాటల ప్రోగ్రాము బినాకా గీత్‌మాలా ఆడ మొదలైంది. ఆకాశవాణి మళ్ళీ జనాన్ని తనవైపు తిప్పుకోవడానికి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టుకోవాల్సి వచ్చింది. మీ తాతగారికి హిందీ రాకపోయినా ఆ గొంతు వచ్చు. సిలోన్ లోనే మీనాక్షి పొన్నుదురై గారని తెలుగు పాటలు వేసే ఆమె ఉండేది, ఆమె పేరు చెప్పి చూడండి, మీ తాతగారు గంట మాట్లాడతారు. ఆయన మాట్లాడుతుంటే ఫోన్లో రికార్డు చేసుకో నాయనా.

ప్రశ్న: రామోజీరావు గారు పోయినప్పుడు అందరూ ఫిల్మ్ సిటీ గురించి, ఈటీవీ గురించి రాశారు. మా దూబగుంట సంగతి ఎవరూ ఎత్తలేదని మా వాళ్ళకి కష్టంగా ఉంది.
– ఒక పాఠకురాలు, కలిగిరి మండలం

జవాబు: మీ కష్టం న్యాయమైంది. 2024 జూన్ 8న ఆయన పోయారు, 1974 ఆగస్టు 10న విశాఖలో ఈనాడు, 1995లో ఈటీవీ, ఇవన్నీ అందరూ రాశారు, రాయాల్సిందే. కానీ మన నెల్లూరు జిల్లా వాళ్ళకి ఆయన పేపర్ అంటే ముందు గుర్తొచ్చేది సారా ఉద్యమమే. 1992లో మీ ఊళ్ళో ఆడోళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు అది ఒక ఊరి గొడవగా ఆగిపోవాల్సింది, ఆగలేదు, ఎందుకంటే పేపర్ దాన్ని రోజూ మోసింది, ఏ ఊళ్ళో ఏం జరిగిందో పక్క ఊరికి చెప్పింది, ఒక ఊరి ఆడోళ్ళు ఇంకో ఊరి వార్త చదివించుకుని విని తామూ లేచారు. అక్షరాస్యత కార్యక్రమం జిల్లాలో గట్టిగా నడిచిన రోజులు కూడా అవే, రాత్రి బడికి పోయినోళ్ళే ముందు కదిలారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

ఆయన రాజకీయాలు నచ్చనోళ్ళు మన జిల్లాలో చాలామందే ఉండారు, వాళ్ళ మాట వాళ్ళది, ఈ ఒక్క పనికి మాత్రం ఆయనకి నమస్కారం పెట్టాల్సిందేనని నేననుకుంటా.

అయితే నేను ఇంకొక మాట కూడా చెప్పాలి. పెద్దాయనకి పేజీలకి పేజీలు వచ్చినయి. 1989లో జిల్లా అనుబంధాలు మొదలైన తర్వాత మండలానికొక విలేకరి వచ్చాడు, ఆ కుర్రోళ్ళే సైకిళ్ళ మీద, ఆర్టీసీ బస్సుల మీద పల్లెలకి పోయి ఆ వార్తలు పట్టుకొచ్చారు, సారా కాంట్రాక్టర్ల మనుషులు బెదిరించినా రాశారు, వార్త కవర్లో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేవాళ్ళు, బస్సు తప్పిందంటే ఆ వార్త ఆ రోజుకి పోయినట్టే. చాలా వార్తలకి వాళ్ళ పేరు కూడా ఉండేది కాదు, పైన ఊరి పేరు ఒక్కటే. వాళ్ళల్లో కొందరు ఇప్పుడు లేరు. మీ మండలంలో అప్పుడు రాసినోళ్ళు ఎవరో మీ ఊరి పెద్దోళ్ళకి తెలిసే ఉంటది, వాళ్ళు ఉండగానే అడిగి రాసి పెట్టండి, నాకు పంపితే ఈ పేజీలోనే వేస్తా.

ప్రశ్న: మా ప్రెస్ క్లబ్ లో ఒక సీనియర్ సంతాప సభ పెడుతున్నారు, నన్ను మాట్లాడమన్నారు. "తీరని లోటు" అని కాకుండా ఏం మాట్లాడాలి సార్?
– యువ విలేకరి, సూళ్ళూరుపేట

జవాబు: ఆయన చేసిన ఒక్క పని ఎంచుకో, అది పూర్తిగా చెప్పు. మంచివాడు, మృదుస్వభావి, అజాతశత్రువు అనేవి ఎవరికైనా సరిపోతాయి, అవి నీకంటే ముందు మాట్లాడినోళ్ళు ఎట్టాగూ చెప్తారు.

నాకంటే పెద్దాయన ఒకరు ఉండేవారు, పేపర్ కి రాస్తా, ఆకాశవాణికి పార్ట్ టైమ్ కరస్పాండెంట్ గా కూడా చేసేవారు. 1984 నవంబర్లో తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేదు, ఫోన్ లైన్లు పడిపోయినయి, ట్రంక్ కాల్ బుక్ చేసినా కలిసే దారి లేదు. చనిపోయినోళ్ళ లెక్క ఆఫీసర్లు ఒకటి చెప్తున్నారు, రోడ్డు మీద జనం దానికి ఎన్నో రెట్లు చెప్తున్నారు. ఆయన రెండూ పంపలేదు. మోకాలి లోతు నీళ్ళల్లో పడి తను పోగలిగిన ఊళ్ళకి పోయి, పేరు పేరునా అడిగి రాసుకుని, "ఈ ఊళ్ళల్లో ఇంతమంది, మిగతా చోట్లకి పోవడానికి దారి లేదు" అని అంతవరకే పంపారు. మద్రాసులో, విజయవాడలో ఉన్న చుట్టాలు రేడియో దగ్గర కూర్చుని మన ఊరి పేరు వస్తదా అని వినే రోజులు, ఒక అంకె తప్పు పోతే ఎన్ని ఇళ్ళల్లో ఏడుపు మొదలవుతదో ఆయనకి తెలుసు. వేరే వాళ్ళ వార్త పెద్ద అంకెతో ముందే వచ్చిందని పైనుంచి మాట పడ్డారు కూడా, లెక్క మాత్రం మార్చలేదు. ఆయన సంతాప సభలో నేను ఇదొక్కటే చెప్పా, ఆయన కూతురు సభ అయ్యాక వచ్చి ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదండీ, నాన్న ఎప్పుడూ చెప్పలేదు అంది.

కాబట్టి సభకి ముందు వాళ్ళ ఇంటికి పో, ఆయన పాత కటింగులు చూడు, ఆయనతో తిరిగిన ఫొటోగ్రాఫర్ ని, కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ అతన్ని అడుగు. పొగడ్త వెతుక్కోవాల్సిన పని ఉండదు నీకు.

ప్రశ్న: జర్నలిస్టు తుర్లపాటి కుటుంబరావు గారికి మన ప్రకాశం పంతులు గారితో సంబంధం ఉందంటారు, నిజమేనా?
– రిటైర్డ్ టీచరు, మార్కాపురం

జవాబు: నిజమే మాస్టారూ. కుర్రతనంలో పంతులు గారి దగ్గర సెక్రటరీగా చేశారు. 2002లో పద్మశ్రీ వచ్చింది, 2021 జనవరిలో విజయవాడలో పోయారు. పంతులు గారే పేపర్ మనిషి కదా, స్వరాజ్య పత్రిక పెట్టి ఉన్నదంతా దానికే పోశారు, అందులో పనిచేసిన ఖాసా సుబ్బారావు గారు మన కావలి మనిషి. పంతులు గారు పుట్టిన వినోదరాయునిపాలెం నుంచి కావలి దాకా ఈ నేల మీద ఎంతమంది పత్రికల వాళ్ళు పుట్టారో మీ బడి పిల్లలకి ఒకసారి చెప్పండి, పాఠంలో రాదు.

ప్రశ్న: మా అన్న మండల విలేకరి, కరోనా రెండో వేవ్ లో పోయాడు. వదిన టైలరింగ్ చేసుకుని ఇద్దరు పిల్లల్ని సాకుతుండాది. ప్రభుత్వం విలేకరులకిచ్చే అక్రిడిటేషన్ కార్డు లేదు, జీతం కాదు, అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులిచ్చే లైన్ అకౌంటే, అందుకని ఏమీ రాదని చెప్పారు. నిజంగా ఏ దారీ లేదా?
– ఒక తమ్ముడు, కందుకూరు

జవాబు: తమ్ముడూ, ఎవరో చెప్పారని వదిలేయొద్దు. కేంద్ర సమాచార ప్రసార శాఖ కింద జర్నలిస్ట్ వెల్ఫేర్ స్కీమ్ అని ఒకటి ఉంది, జర్నలిస్టు చనిపోయి కుటుంబం ఇబ్బందుల్లో ఉంటే 5 లక్షల దాకా సాయం ఇస్తారు. కరోనాలో పోయిన చాలామంది జర్నలిస్టుల కుటుంబాలకి ఈ స్కీమ్ కిందే ఇచ్చారు. అక్రిడిటేషన్ లేకపోయినంత మాత్రాన తలుపు మూసేసినట్టు కాదు, కనీసం ఐదేళ్ళు జర్నలిస్టుగా పనిచేసినట్టు చూపించగలిగితే అడగొచ్చు. ఇప్పటికే ఆలస్యమైంది, వెంటనే అడగండి, పోయేదేం లేదు.

ఆ ఐదేళ్ళు చూపించడమే మన మండలం వాళ్ళకి కష్టం, పేరు లేని వార్తలు కదా. అందుకని మీ అన్న రాసిన కటింగులు ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా పెట్టండి, లైన్ అకౌంట్ డబ్బులు బ్యాంకులో పడి ఉంటే ఆ స్టేట్‌మెంట్ తీయించండి, పేపర్ వాళ్ళ ఐడీ కార్డు పాతదైనా సరే దాచండి, పేపర్ బ్యూరో ఆఫీసు వాళ్ళ దగ్గర ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశాడో లెటర్ మీద రాయించుకోండి. వాళ్ళు నానిస్తే యూనియన్ వాళ్ళని వెంట తీసుకుని పోండి. డెత్ సర్టిఫికెట్, ఆసుపత్రి కాయితాలు, వదిన ఆధార్, ఆదాయ సర్టిఫికెట్, పిల్లల చదువు వివరాలు ఒక ఫైల్లో పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో, అదే పీఐబీ, వెబ్‌సైట్లో ఈ స్కీమ్ నిబంధనలు ఉంటాయి, విజయవాడ పీఐబీ ఆఫీసులో అడిగినా దరఖాస్తు ఎట్టా పెట్టాలో చెప్తారు. పంపేవన్నీ ఇంకో సెట్ జిరాక్స్ తీసి ఇంట్లో ఉంచండి. వదినని ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిప్పబాకండి, మీరు కూడా పోండి. కటింగులు సర్దడంలో ఏదన్నా తెలీకపోతే ఈ పేజీ పేరుతో పత్రిక ఆఫీసుకి రాయండి, నేను చూసి చెప్తా.